గోడ మీది గోదావరి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ హాల్లోని పాపికొండల చిత్రం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కొండల నీలిమనూ తెరచాప పడవనూ రెండు పేజీలు వర్ణించి, ఆ చిత్రం మీ ఇంటికి వచ్చిన తీరును మాత్రం ‘తాతగారికి కానుకగా వచ్చింది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు అసలు కథ అక్కడే కనిపించింది.

అది దామెర్ల రామారావుగారు వేసినదని ఇంట్లో అంటారని రాశావు. రాజమహేంద్రవరంలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో ఎదిగిన ఆ చిత్రకారుడు 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయారు. మీ నాయనమ్మగారు కాపురానికి వచ్చింది 1951లోనని, వ్యాసంతోపాటు పంపిన ఉత్తరంలో నువ్వే రాశావు. వీధి గదిలో అద్దెకున్న డ్రాయింగు మాస్టారు ఆ బొమ్మను అరుగు మీద ఆరబెట్టుకుంటూ పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవడం ఆవిడ కళ్లారా చూశారనీ నువ్వే రాశావు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. పెద్ద పేరును వదులుకో. నీ ఉత్తరంలో చెప్పినట్టు, ఎనిమిది నెలల అద్దె బాకీపడి, బదిలీ మీద వెళ్తూ బొమ్మను ఇచ్చి వెళ్లిన ఆ మాస్టారిని ముందుకు తీసుకురా. బాకీ మాట వ్యాసంలో రాస్తే తాతగారి పరువు పోతుందని జంకినట్టున్నావు. నోరు తెరిచి అడగలేకపోయిన ఇంటాయనా, ఊరికే వెళ్లిపోలేకపోయిన మాస్టారూ ఇద్దరూ నాకు గౌరవనీయులుగానే కనిపిస్తున్నారు.

మా ఇంటి వీణను తాతయ్య కొన్నాడని నా మొదటి పుస్తకంలో రాశాను. అచ్చయ్యాక మా పెద్దమ్మ, అది అప్పు కింద జమకట్టుకున్నదని చెప్పి, ‘నన్నడిగితే చెప్పేదాన్ని కదరా’ అన్నది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

చట్రం వెనకవైపు కూడా ఫోటో తీసి పంపడం మంచి పని. అట్ట అడుగున రెండు వేళ్ల మేర గోధుమరంగు మరక, దాని పై అంచు గీత గీసినట్టుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదలో మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయన్నావు కదా, ఆ రాత్రి బొమ్మను ఎవరు దించారో, ఎక్కడ పెట్టారో మీ నాన్నగారిని అడుగు. అట్ట మాత్రం విప్పవద్దు. తడిసిన నీటిరంగుల కాగితం అద్దానికి అంటుకుపోయి ఉంటే చిరుగుతుంది.

ఈ ఆదివారం కాగితం, కలం పక్కన పెట్టి నాయనమ్మగారి దగ్గర కూర్చో. మాస్టారు గది ఖాళీ చేసిన రోజున సామాను బండికెత్తింది ఎవరో, ఆ బొమ్మను ఆయన ఎవరి చేతికిచ్చారో, అప్పుడు తాతగారు ఇంట్లోనే ఉన్నారో లేదో కనుక్కుని నాకు రాయి.