గ్రాఫిక్స్ కార్డు మార్చినా నేల లోపలి బొమ్మ మారదు

ప్రశ్న: 10 మీటర్ల ఎడంలో ఉన్న రెండు బోర్ల మధ్య సీస్మిక్ టోమోగ్రఫీ (ప్రకంపనల వేగాన్ని బట్టి నేల లోపలి బొమ్మ గీయడం) చేశాం. లోతు 20 మీటర్లు. ఒకదాంట్లో 24 చోట్ల షాట్లు (ప్రకంపన పుట్టించే దెబ్బలు), రెండోదాంట్లో 24 హైడ్రోఫోన్లు (నీటిలో ప్రకంపనను పట్టే సెన్సర్లు). పైజిమ్‌లీ అనే సాఫ్ట్‌వేర్‌లో అర మీటరు గళ్లతో రన్ చేస్తే బొమ్మ నిండా ఇంటూ గుర్తుల్లాంటి చారలే. గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కొనమంటారా?
– ఎంటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. మీ దగ్గరున్న కొలతలు 24 ఇంటూ 24, అంటే 576. మీరు గీసిన గళ్లేమో 800. తెలిసినవాటి కంటే తెలియనివి ఎక్కువైతే ప్రోగ్రామ్ తనకు తోచింది నింపేస్తుంది. అదే తరంగాలు వెళ్లిన దారి వెంట చారలై కనిపిస్తోంది. గడిని మీటరుకు పెంచండి, 200 గళ్లే అవుతాయి. స్మూతింగ్‌ను (పక్కపక్క గళ్ల మధ్య తేడాను నునుపు చేయడాన్ని) నిర్ణయించే లామ్ విలువ కూడా కాస్త పెంచి చూడండి. ఈపాటి లెక్కకు 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్ (తరంగం చేరిన సమయమే కాక దాని ఆకారమంతా వాడే లెక్క) దాకా వెళ్లినప్పుడు కార్డు సంగతి చూద్దాం.

ముందు డేటాను అనుమానించండి. గట్టి గ్రానైట్‌లో పీ-తరంగం (అన్నిటికంటే ముందు చేరే తరంగం) వేగం సెకనుకు 5,000 మీటర్లు అనుకుంటే, 10 మీటర్లు దాటడానికి పట్టేది 2 మిల్లీసెకన్లు. తరంగం చేరిన క్షణాన్ని 0.1 మిల్లీసెకను తేడాతో గుర్తించినా వేగంలో 5 శాతం తప్పు. బోరు అడుగున అర మీటరు వంగినా ఇంచుమించు అంతే. నిటారుగానే వేశానని డ్రిల్లర్ ఎటూ అంటాడు. మీరు మాత్రం డీవియేషన్ సర్వే (బోరు ఎక్కడ ఎంత వంగిందో కొలవడం) చేయించి, ఆ కోఆర్డినేట్లే ఫైల్లో పెట్టండి.

చారలు పోయినా బొమ్మను పూర్తిగా నమ్మకండి. సీటీ స్కాన్ మనిషి చుట్టూ తిరుగుతుంది, మీకున్నవి రెండు వైపులే. అందుకే అడ్డ పొరలు బాగానే తేలతాయి కానీ నిలువు పగుళ్లు అలుక్కుపోతాయి. బోర్ల మధ్య నేల మీద కూడా జియోఫోన్లు (నేల కదలికను పట్టే సెన్సర్లు) పెడితే కొంత నయం. ఇంకో చిక్కు: ముందుగా చేరే తరంగం మెత్తబడ్డ రాయిని తప్పించుకుని పక్కనుంచి వస్తుంది. కాబట్టి బలహీనమైన చోటు ఉన్నదానికంటే చిన్నగా కనిపించవచ్చు. పునాది డిజైన్ చేసేవాళ్లకు ఈ ముక్క చెప్పకుండా రంగుల బొమ్మ ఇచ్చేయకండి.

ప్రశ్న: జియోఫోన్ బదులు ఫోన్‌లో కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ వాడొచ్చా?

జవాబు: ఈ పనికి కుదరదు. ఆండ్రాయిడ్ 12 కోసం తయారైన యాప్‌కు ప్రత్యేక అనుమతి లేకపోతే సెకనుకు 200 రీడింగులే వస్తాయి, అంటే 5 మిల్లీసెకన్లకు ఒకటి. ఈలోపు తరంగం అవతలి బోరు దాటేసి ఉంటుంది.