స్వనీతి అంటే తిట్టా? తగ్గింపు అంటే డిస్కౌంటా?

సందేహం: మా చర్చిలో ప్రసంగం చేసేటప్పుడు "స్వనీతి చాలా ప్రమాదం" అంటుంటారు. నీతి మంచిదే కదండీ, అది సొంతదైతే తప్పెందుకైంది? ఇంకోటి, వినయం అనే మంచి మాట ఉండగా "తగ్గింపు" అంటారేంటి, షాపులో ఆఫర్‌లాగా?

సమాధానం: ముందు స్వనీతి సంగతి. బయట మనం నీతి అంటే మంచి నడవడి అనుకుంటాం, నీతి కథలు, నీతి శతకాలు అన్నీ ఆ అర్థంలోవే. తెలుగు బైబిల్లో ఆ మాటకి ఇంకో బరువు కూడా ఉంది, దేవుడి ఎదుట నిర్దోషిగా నిలబడగలగడం అని. రోమా పత్రిక (అంటే రోములోని విశ్వాసులకి పౌలు రాసిన ఉత్తరం) 10వ అధ్యాయం 3వ వచనంలో పౌలు, ఇశ్రాయేలీయులు దేవుని నీతిని ఎరగక స్వనీతిని స్థాపించుకోబోయారు అంటాడు, మీ చర్చిలో వినబడే మాట అక్కడిదే. అంటే మంచిగా బతకడం తప్పని కాదు, నా మంచితనమే నా సర్టిఫికెట్ అనుకోవడం తప్పని. అర్థం అన్నది మంచి మాటే, స్వార్థం అనేసరికి చెడ్డదైపోలా? ఇదీ అంతే. అలాగని స్వ చేరిన ప్రతిదీ చెడ్డది కాదులెండి, స్వధర్మం, స్వభాష ఉన్నాయిగా.

దీనికి లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన పరిసయ్యుడు, సుంకరి ఉపమానం చూడండి, ఇద్దరూ దేవాలయానికి ప్రార్థన చెయ్యడానికి వెళ్తారు. పరిసయ్యుడంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడు. ఆయన అబద్ధమేం ఆడలేదు, యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం ఉంటే సరిపోయేది, ఆయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు, సంపాదన అంతట్లో పదోవంతు ఇస్తున్నాడు. సుంకరేమో రోము ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసేవాడు, అలాంటివాళ్లు ఎక్కువ గుంజుతారని జనానికి ఒళ్లుమంట. ఇప్పుడు వ్యాకరణం పట్టుకుని చదవండి. పరిసయ్యుడి ప్రార్థనలో "దేవా" అని ఒక్క పిలుపు, ఆ తర్వాత ఏ క్రియ తీసుకున్నా కర్త నేనే, నేను వాళ్లలా లేను, నేను ఉపవాసం చేస్తున్నా, నేను చెల్లిస్తున్నా. సుంకరిది ఒకే వాక్యం, "దేవా, పాపినైన నన్ను కరుణించుము". ఇక్కడ నేను పోయి నన్ను వచ్చింది, కర్మ అయిపోయాడు, పని చెయ్యాల్సిన కర్త దేవుడు. నాకైతే ఆ ఉపమానం మొత్తం ఈ విభక్తి మార్పులోనే ఉందనిపిస్తుంది. నీతిమంతుడిగా "తీర్చబడి" ఇంటికెళ్లింది సుంకరే, అదీ కర్మణి ప్రయోగమే, తనకి తాను తీర్చుకోలేదు.

ఇక తగ్గింపు. ఇదీ తెలుగే, బైబిల్లో రెండూ ఉన్నాయి. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం 3వ వచనంలో వినయమైన మనస్సు అని ఉంది, 8వ వచనంలో క్రీస్తు గురించి తన్ను తాను తగ్గించుకొనెను అని ఉంది. వినయం ఒక గుణం, తగ్గించుకోవడం ఒక పని, అదీ ఎత్తులో ఉన్నవాడు కావాలని దిగొచ్చే పని, కాబట్టి అక్కడ వినయం అని మారిస్తే సగం అర్థం పోతుంది. కాకపోతే మనవాళ్లు "తగ్గింపు జీవితం" అని కుదించేసరికి ఆ "కొను" ఎగిరిపోయింది, ఎవరు ఎవర్ని తగ్గించారో తెలియట్లా. (నిలువెత్తు ఫోటో ఉన్న ఫ్లెక్సీ మీద "దీన సేవకుడు" అని వేయించుకోవడం ఇంకో ప్రయోగం, దానికి నా దగ్గర సూత్రం లేదు.) చర్చిలో మాట్లాడుకునేటప్పుడు తగ్గింపు అన్నా అందరికీ అర్థమవుతుంది, ఇబ్బంది లేదు, రాసేటప్పుడు మాత్రం "తగ్గించుకోవడం" అనే రాయండి.