పాత మారుతి 800లో రెండుసార్లు తొక్కితేనే బ్రేక్ పడుతోంది, ప్యాడ్లు మార్చినా తగ్గలేదు, ఎందుకు?

ప్యాడ్లు మార్చినా తగ్గలేదన్నారు కదా. ప్యాడ్లు అరిగినంత మాత్రాన పెడల్ ఇలా మెత్తబడదు. మొదట అనుమానించాల్సింది బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని, వెనుక చక్రాల బ్రేక్ డ్రమ్ములని.

బ్రేక్ ఆయిల్ నొక్కినా కుదించుకుపోదు, అందుకే మన కాలి బలం చక్రం దాకా చేరుతుంది. పైపులో గాలి చేరితే ఆ బలం గాలిని నొక్కడానికే పోతుంది, స్పాంజి తొక్కినట్టు ఉంటుంది. దీనికి బ్లీడింగ్, అంటే ఆ గాలిని బయటికి తీసేయడం, చేయించాలి. డ్రమ్ముకీ, దాని లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే షూలకీ మధ్య ఖాళీ పెరిగినా మొదటి తొక్కు వృథా అవుతుంది. అది అడ్జస్ట్‌మెంట్‌తో పోతుంది.

బండి ఆపి పెడల్ నొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతోందా? అయితే ఎక్కడో లీకు ఉంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. వెనుక చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. డ్రమ్ము లోపల షూలని నెట్టే వీల్ సిలిండర్ కారితే షూలు కూడా తడిసి పాడవుతాయి. ఇది తేలేదాకా దయచేసి బండి రోడ్డెక్కించొద్దు.

ఇంకో మాట, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140 దగ్గరికి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ ఒక్కసారిగా నేలకి తగులుతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.