ఊడిన సోల్‌కు సాక్ష్యం ఆ షూయే

ప్రశ్న: మాది అనంతపురం. చిన్ననాటి ఆశ తీర్చుకోవాలని, మొదటి బోనస్‌లో రూ. 46,000 పెట్టి బెంగళూరు షోరూమ్‌లో డిజైనర్ బ్యాలే ఫ్లాట్స్ (మడమ ఎత్తు లేని మెత్తటి షూ) కొన్నాను. మూడో నెలలోనే రెండింటి సోల్ ఊడింది. అడగబోతే అవమానించి పంపారు. అప్పటి నుంచి 20 నెలలుగా మెయిళ్లు పెడుతున్నాను. ఎడమ దానికి గమ్ పెట్టించాను. బిల్లు పోయింది. ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే బంధువు అలాంటి బిల్లే తయారు చేసి ఇస్తానంటున్నాడు. కేసు నిలుస్తుందా?

జవాబు: షోరూమ్‌వారు మీతో ఎలా మాట్లాడారన్నది ఈ కేసును తేల్చదు. ఆ సోల్ తయారీ లోపం వల్ల ఊడిందా, వాడకం వల్లనా అన్నదొక్కటే తేలుస్తుంది.

అవతలివారి వాదన ఏమిటో ఇప్పుడే చెప్పగలను. బ్యాలే ఫ్లాట్ నాట్యశాలలో పుట్టిన పాదరక్ష. పారిస్‌లో రోజ్ రెపెట్టో 1947లో నర్తకుడైన తన కుమారుడి కోసం నాట్యపు బూట్లు కుట్టడం మొదలుపెట్టి, 1956లో నటి బ్రిజిత్ బార్దో కోరితే వీధిలో వేసుకోదగిన జతను తయారు చేశారు. లోపలి వైపును పైకి పెట్టి కుట్టి, తర్వాత తిరగేసే ఆ పద్ధతి వల్ల షూ పాదానికి తొడుగులా అమరుతుంది. ఇన్ని దశాబ్దాలైనా ఆడవారికి దానిమీద మోజు తగ్గకపోవడానికి ఆ మెత్తదనం ఒక కారణం. మీరు కొన్నది ఏ బ్రాండైనా, ఆ మెత్తదనాన్నే రేపు మీకు ఎదురు నిలబెట్టి, పలుచటి సోల్‌తో కంకర రోడ్డు మీద నడిస్తే ఊడక ఏమవుతుందని అడుగుతారు. సోల్ అంచు అరిగి విడిపోయిందా, అరగకుండానే విడిపోయిందా, దారం తెగిందా, అసలు కుట్టే సరిగా పడలేదా అన్నది ఆ షూను చూస్తేనే తెలుస్తుంది.

అటువంటి సాక్ష్యంలో సగం మీరే పాడు చేసుకున్నారు. గమ్ పెట్టించేముందు ఒక్క ఫొటో అయినా తీయవలసింది. కుడిది మిగలడం మీ అదృష్టం. దాన్ని తుడవకుండా, తొడగకుండా సంచిలో పెట్టి భద్రపరచండి.

ఆ దొంగ బిల్లు జోలికి మాత్రం పోకండి. వినియోగదారుల కమిషన్ ఎదుట జరిగేది న్యాయవిచారణే. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పైగా మీకు దాని అవసరమే లేదు. కార్డుతోనో యూపీఐతోనో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్, షోరూమ్‌వారి జవాబు మెయిళ్లు కొనుగోలును రుజువు చేస్తాయి. అవి ఎలక్ట్రానిక్ రికార్డులు కనుక, వాటి నిజాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ధ్రువపత్రం జతపరచండి.

ఇక గడువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మీరు పంపే మెయిళ్లు ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. సోల్ ఊడిన నాటి నుంచి లెక్కిస్తే మీకు మిగిలింది నాలుగు నెలలే. ఆలస్యానికి బలమైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, మెయిలుకు జవాబు కోసం చూశామన్నది బలమైన కారణం కాదు.

బెంగళూరు వెళ్లనక్కరలేదు, మీరు నివసించే జిల్లాలోనే, అనంతపురం కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సరుకుకు చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదు ఫీజు లేదు. షోరూమ్‌కు ఒక నోటీసు ఇచ్చి, పదిహేను రోజులకు మించి ఆగకుండా ఫిర్యాదు దాఖలు చేసి, కుడి షూకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలని అదే చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌ను కోరండి. ఆ పరీక్ష ఖర్చు ముందుగా మీరే కట్టవలసి ఉంటుంది. ఎడమ దానికి గమ్ పెట్టించిన సంగతిని వారు బయటపెట్టేదాకా ఆగకుండా, ఫిర్యాదులో మీరే రాయండి.