పరివర్తన అనే మాట కొట్టెయ్

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయి మీద ఆరు పేజీలు. చదువుతూ పెన్సిల్‌తో లెక్కపెట్టాను. 'పరివర్తన' పదిహేడు సార్లు, 'పరిణామం' తొమ్మిది. 'చెత్తకు ప్రాణం పోసిన మాంత్రికుడు' ఒక్కసారే వచ్చింది కానీ నా నిద్ర పాడు చెయ్యడానికి అది చాలు.

మంత్రం ఎక్కడుందమ్మా అందులో? 1998లో నైజీరియాలోని ఎన్సుక్కా దగ్గర ఆయనకు ఒక సంచి దొరికింది. నిండా మద్యం సీసాల అల్యూమినియం మూతలు. తెచ్చి కొన్ని నెలలు స్టూడియోలో ఓ పక్కన పడేశాడు. నువ్వు 'కొంతకాలానికి' అని దాటేశావే, ఆ నెలలే నాకు కావాలి. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. 1975 నుంచీ అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ వచ్చాడు. అంతకుముందు ఘనాలో ఉన్నప్పుడు, సంతలో సరుకు పెట్టుకునే చెక్క పళ్లేల మీద కాల్చిన ఇనుముతో గుర్తులు వేశాడు. తర్వాత పగిలిన కుండలు పట్టుకున్నాడు. ఆ తర్వాత చెక్కను మోటారు రంపంతో కోశాడు. ఇదంతా నీకు ఒక వాక్యం!

మూతను సాగ్గొట్టాలి, మడవాలి, మెలిపెట్టాలి, అంచున బెజ్జం పెట్టాలి, రాగి తీగతో పక్కదానికి కట్టాలి. స్టూడియోలో ఎంతోమంది కూర్చుని ఇలా కట్టిన ముక్కలన్నీ కలిస్తే గోడంత వస్త్రం. క్రియలు రాయి. 'పరివర్తన' దానంతటదే కనిపిస్తుంది.

నాకు ఈ సంగతి చెప్పింది ఏ విమర్శకుడూ కాదు, మా కింది వాటాలో ఉన్న టైలర్. నా కథలో ఒక దర్జీ జీవితం మారిపోతుంది. అది చదివి ఆయన, "బాగుంది సార్, మరి వీడు కాజాలు ఎప్పుడు కుట్టాడు?" అన్నాడు. నాకు కాజా కుట్టడం తెలియదు. ఆ కథకే ఒక సంపాదకుడు 'సందేశం చాలలేదు' అని చివర నాలుగు వాక్యాలు తనే అతికించి అచ్చేశాడు. ముప్పై ఏళ్లయింది. ఆ సంచిక ఇప్పటికీ ఇంట్లో బోర్లా పెట్టి ఉంటుంది.

ఇది రాస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే అనాట్సుయి తన వస్త్రాలకు ఒక ఖాయమైన ఆకారం ఉండాలనుకోడు. అవి మడతపెట్టి పెట్టెల్లో వెళ్తాయి. వేలాడదీసేవాళ్లు తమకు తోచినట్టు కుచ్చిళ్లు పెట్టుకోవచ్చు. ఒకచోట కొండలా ఉన్నది ఇంకోచోట ఏరులా ఉంటుంది. 2007లో వెనిస్‌లో ఒక పాత భవనం ముఖానికే కప్పారు. 2015లో అక్కడే, బియనాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో, జీవిత సాఫల్యానికి బంగారు సింహం అనే పురస్కారం ఇచ్చారు. అంత పెద్దమనిషి తన పని ఇతరుల చేతుల్లో మారితే సంతోషిస్తాడు, నేనేమో నాలుగు వాక్యాలకు ఇంకా ఏడుస్తున్నాను. అయినా కుచ్చిళ్లు మార్చడం వేరు, కొత్త గుడ్డ అతకడం వేరు.

ఇంకొకటి. మూతలంటే ఉత్త చెత్త అనుకున్నావు. యూరప్ వర్తకులు ఆఫ్రికా తీరానికి మద్యం తెచ్చారు. మనుషుల్ని ఓడలెక్కించి తీసుకుపోయారు. ఆ మనుషులు పండించిన చెరకు నుంచే రమ్ము తయారైంది. అందుకే ఆయన వాడిన మూత మీద సీసా పేరు అలాగే కనిపిస్తుంటుంది. నీ వ్యాసంలో ఓడ లేదు.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాశావు: 'గోడవైపు తిరిగి ఉన్న తీగ కొసలు ఎవరి వేళ్లకు గుచ్చుకున్నాయో.' అక్కడ కళ్లద్దాలు తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, ఇంగ్లీషులో కూడా రాయనా అని అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు.

మొదటి మూడు పేజీలు తిప్పి పంపుతున్నాను. నాలుగోది నా దగ్గరే ఉంది, దానిమీద టీ ఒలికింది.

మీ మాస్టారు