ఒక్క 'రన్' కోసం ఇంత ఉత్తరం

చి. అమ్మాయికి,

ఇంగ్లీషు 'రన్' వచ్చిన చోటల్లా 'పరుగు' అని రాసి నువ్వు పంపిన రెండు వ్యాసాలూ రాత్రి చదివాను. చిరాకు తగ్గుతుందేమోనని పొద్దున మళ్లీ చదివాను. తగ్గలేదు. "సిలికాన్ వ్యాలీ బ్యాంకుపై పరుగు నడిచింది" అన్నావు. పరుగు నడవడం ఏమిటమ్మా? నాలుగు లైన్ల కింద "ఆ వార్తను పత్రికలు పరిగెత్తించాయి". ఎన్నికల వ్యాసంలోనేమో ఎవరో సెనేటర్ "అధ్యక్ష పదవికి పరిగెడుతున్నారు". జనం ఫోన్లలోనే డబ్బు తీసేసుకున్నారు కాబట్టి ఆ గంటల్లో బయట క్యూ కూడా కనబడలేదని రాసిన వాక్యం మాత్రం బాగుంది. సరే, అసలు సంగతికొస్తా.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు తిన్న మాట 'సెట్', 430 అర్థాలు. తర్వాత సవరించేటప్పుడు 'రన్' దాన్ని దాటేసింది, క్రియగానే 645. అన్నిటికీ నువ్వు ఒక్క పరుగుతో సరిపెట్టేద్దామనుకున్నావు.

రన్ కనబడగానే దాని మొహం చూడకు, పక్కనున్న వస్తువేదో చూడు. తెలుగులో వస్తువు తన క్రియను తనే వెంటబెట్టుకొస్తుంది. నది పారుతుంది, ముక్కు కారుతుంది, మోటారు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, ఉతికితే బట్ట రంగు దిగుతుంది, నిందితుడు పరారీలో ఉంటాడు. సరుకు నిండుకుంటుంది, లేదు అనడానికి నోరు రాక అలా అంటాం. ఇంగ్లీషువాడికి ఇవన్నీ రన్నే.

ఎన్నికలకొస్తే, అమెరికావాడు రన్ అంటాడు, బ్రిటన్‌వాడు స్టాండ్ అంటాడు. మనవాడు నిలబడతాడు, బరిలోకీ దిగుతాడు, పరిగెత్తేది టికెట్ కోసం మాత్రమే. 1927 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ విలేకరులను పిలిచి తలా ఒక చీటీ చేతిలో పెట్టాడు. 1928లో అధ్యక్ష పదవికి 'ఐ డు నాట్ చూజ్ టు రన్' అని అందులో ఒకే ఒక వాక్యం. పోటీ చేయనని తేల్చేశాడా, బతిమాలితే ఒప్పుకుంటాడా అని ఆ 'చూజ్' మీద చాలా రోజులు తర్జనభర్జన నడిచింది. 'పోటీ చేయదలచుకోలేదు' అని రాసి చూడు. ఆ గడుసుతనం ఎక్కడికీ పోదు. 'పరిగెత్తడాన్ని ఎంచుకోను' అన్నావనుకో, పాపం ఆయనకు మోకాళ్ల నొప్పులనుకుంటారు.

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ తెలిసినవాణ్ణని కాదు. 1992 సెప్టెంబరులో పత్రిక నైట్ డెస్క్‌లో కొత్తగా చేరాను. టెలిప్రింటర్ మీద ఏజెన్సీ కాపీ వచ్చింది, పౌండు మీద రన్ అని. నేను దర్జాగా 'పౌండు పరుగులు' అని హెడ్డింగ్ పెట్టాను. చదివినవాడికి ఏమర్థమవుతుంది? పౌండు విలువ ఎగబాకిందని. జరిగింది సరిగ్గా తలకిందులు, అందరూ పౌండ్లు అమ్ముకుని బయటపడుతున్నారు, ఆ రాత్రే బ్రిటన్ యూరప్ మారకపు రేట్ల ఏర్పాటులోంచి తప్పుకుంది. పేజీ చూసి సంతకం పెట్టింది ఎడిటర్‌గారు, సంజాయిషీ రాసింది నేను. ముప్పై ఏళ్లు దాటినా అది నాకు అరగలేదు. అదే పెద్దమనిషి తర్వాత బంగారం పరుగులు, షేర్ల పరుగులు అంటూ వారానికో హెడ్డింగ్ పెట్టించాడు, ఇప్పుడది అందరికీ అంటుకుంది.

నీ బ్యాంకు సంగతికి 'ఎగబడ్డారు' చాలు. డబ్బు వెనక్కి తీసుకోవడానికి డిపాజిటర్లు ఎగబడ్డారు, 2023 మార్చి 9న ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు అడిగారు, మర్నాడు బ్యాంకు మూతపడింది. ఈ అంకెను తీసుకెళ్లి చివరి పేరాలో పడేశావెందుకు? మొదటి వాక్యంలో పెట్టు. పత్రిక వార్తను 'వేస్తుంది', అంతే. టీవీవాళ్ల 'రన్‌డౌన్'ని, అంటే బులెటిన్‌లో ఏ వార్త తర్వాత ఏదో రాసుకునే జాబితాని, మాత్రం కదిలించకు, అలాగే ఉంచెయ్యి. దానికి బారెడు సంస్కృత సమాసం తయారుచేసిన ఇంకో ఎడిటర్ దగ్గర కూడా పనిచేశాను. ఆయన గది తలుపు మూసుకోగానే అందరం రన్‌డౌన్ అనేవాళ్లం.

కలం పేరు గురించీ పారితోషికం గురించీ ఏదో అడిగావు, తర్వాత చూద్దాం. ముందు ఈ రెండూ తిరగరాసి పంపు. అన్నట్టు, అధ్యక్ష అభ్యర్థికి జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడే 'రన్నింగ్ మేట్'ని 'పరుగు మిత్రుడు' అన్నావు. దాని గురించి ఇప్పుడు రాస్తే నాకు బీపీ పెరుగుతుంది, ఆదివారం ఫోన్ చెయ్యి.