గోపాలపురంలో కుదరకపోతే మరెక్కడ?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నేను, మావారు, పద్నాలుగేళ్ల బాబు స్కూబా డైవింగ్ చేద్దామనుకుంటున్నాం. ముగ్గురికీ ఈత అంతంతమాత్రం. పక్కనే ఉన్న గోపాలపురంలో కుదరదా? విశాఖ వెళ్లాలా, అండమాన్ వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: గోపాలపురం ఒడ్డున కూర్చోవడానికి బాగుంటుంది, డైవింగ్‌కు పనికిరాదు. కెరటాలు తీరం దగ్గరే బలంగా విరుగుతాయి. అడుగంతా ఇసుక, దానికితోడు ఋషికుల్య తెచ్చే మట్టి. చిలికాలోనైతే చాలాచోట్ల మనిషి మునిగేంత లోతే ఉండదు.

విశాఖలో రుషికొండ నుంచి కొత్తవాళ్లను తీసుకెళ్తారు. మీకు రైలుంది, ఖర్చూ తక్కువ. కానీ ఆ నీళ్లు అంత తేటగా ఉండవు, వానల తర్వాత మరీ మసక. నీళ్ల కింద ఊపిరి తీయడం ఎలా ఉంటుందో చూడాలంటే చాలు. పగడాల కోసమైతే నిరాశే.

మా ఓటు అండమాన్‌లోని హేవ్‌లాక్‌కు, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు. అక్కడి నీమో రీఫ్ అనే పగడాల దిబ్బకు పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి వెళ్లి, నడుము లోతులోనే మాస్కు, రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే సాధనం) అలవాటు చేసుకుని, మెల్లగా లోతుకు పోవచ్చు. ఆ మొదటి కాసేపట్లో భయమేస్తే లేచి నిలబడితే సరి. పడవ మీద నుంచి దిగితే ఆ వీలుండదు, పైగా కడుపులో తిప్పడం. మహారాష్ట్రలోని మాల్వణ్ కూడా కొత్తవాళ్లకు మంచిదే గానీ, మీకు అది దేశానికి అవతలి తీరం.

పరిచయ డైవ్‌కు ఈత రానక్కర్లేదు, పదేళ్లు నిండితే చాలు. లోతు 12 మీటర్లు దాటనివ్వరు. సర్టిఫికెట్ కోర్సుకైతే 200 మీటర్లు ఈది, 10 నిమిషాలు తేలాలి. డబ్బు కట్టేముందు ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడుంటాడా అని అడగండి. ఆస్తమా, గుండె, చెవి, మూర్ఛ సమస్యలు అడిగే ఆరోగ్య పత్రం నింపించకపోతే ఆ చోటు వదిలేయండి.

మొదటి డైవ్ ఎక్కువగా చెవుల దగ్గరే చెడుతుంది. 10 మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊదడం మొదటి మీటరులోనే మొదలుపెట్టి, నొప్పి రాకముందే మళ్లీ మళ్లీ చేయాలి. నొప్పి వచ్చిందా, ఒక మీటరు పైకి రండి. గట్టిగా ఊదకండి. జలుబుంటే ఆ రోజు మానేయడమే. మాత్ర వేసుకుని దిగితే లోపలుండగానే దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేకొద్దీ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లగలవు.

ఇంకో తికమక: బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. మీవారికి గుబురు మీసం ఉంటే ముక్కు కింద కాస్త కత్తిరించమనండి, లేకపోతే మాస్కులోకి నీళ్లు కారుతూనే ఉంటాయి.

చివరి రోజుకు డైవ్ పెట్టుకోకండి. రెండు మూడు డైవ్‌లు చేస్తే విమానానికి 18 గంటల ఎడం కావాలి (ఎందుకో చివరి జవాబులో చూడండి). ఉదయం 9కి విమానమైతే ముందురోజు మధ్యాహ్నం 3కల్లా నీళ్లలోంచి బయటికి రావాలి.

ప్రశ్న: కళ్లద్దాలు లేకపోతే నాకు ఏమీ కనబడదు. ఎలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కొన్నిచోట్ల పవర్ మాస్కులుంటాయి, ముందే అడగండి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులైనా పర్వాలేదు, మాస్కులో నీళ్లు తీసేటప్పుడు కళ్లు మూసుకోండి.

ప్రశ్న: విశాఖలో పొద్దున్నే డైవ్ చేసి, మధ్యాహ్నమే కారులో కోరాపుట్ వచ్చేయవచ్చా? విమానం ఎక్కం కదా!
– ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: వద్దు. కొండ ఎక్కినా విమానం ఎక్కినట్టే లెక్క. మీ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఒత్తిడికి ఒంట్లో కరిగిన నత్రజని ఊపిరితో మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకు వెళ్తే బుడగలు కట్టి కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు వస్తాయి. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగండి. అరకు వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క. ఆ రాత్రి విశాఖలోనే పడుకుని, మర్నాడు ఉదయం కిరండూల్ రైలెక్కండి.